చేతిరాతకూ వాక్య కంఠస్థానికీ ఒకే నోటుపుస్తకం

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే తల్లులు చేతిరాత సాధనకు, బైబిలు వాక్య కంఠస్థానికి వేర్వేరు సమయాలు కేటాయించనక్కర లేదు. 119వ కీర్తనలో 22 భాగాలు, భాగానికి 8 చొప్పున 176 వచనాలు ఉన్నాయి కనుక, పాఠాలు జరిగే రోజుకు ఒకటి చొప్పున రాయిస్తూ వెళితే దాదాపు విద్యాసంవత్సరమంతా సరిపోతుంది. రాసే ముందు బిడ్డ చేత ఆ వచనాన్ని బిగ్గరగా చదివించి, పదాల కింద వేలు కదుపుతూ ఒత్తులను, దీర్ఘాలను గమనించమని చెప్పాలి. తప్పులన్నింటినీ ఎర్ర సిరాతో దిద్దకుండా, ఆ రోజుకు ఒక్క అక్షరాన్ని సరిచేయించడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే దేవుని వాక్యం పిల్లల మనసులో దండనగా మిగలకూడదు. ఇంకా రాయడం రాని చిన్నవారు పక్కన కూర్చుని విని, చివరి మాటను అందిస్తే చాలు. వారాంతపు కుటుంబ ప్రార్థనలో ఆ వచనాలను పిల్లల చేతనే చదివించండి.