ఇంట్లోనే ఎలక్ట్రానిక్స్, 4వ పాఠం: పేరలల్‌లో కరెంట్ లెక్క

పోయిన పాఠంలో సిరీస్ చూశాం. అక్కడ దారి ఒక్కటే, అందుకే కరెంట్ ఎక్కడ కొలిచినా ఒక్కటే. ఈసారి రెసిస్టర్లన్నిటి ఒక కాలు ప్లస్‌కి, రెండో కాలు మైనస్‌కి కలుపుతున్నాం, పేరలల్ అంటే ఇదే.

ముందే ఒక మాట. ‘ఒకటి బై ఆర్’ సూత్రాన్ని, అంటే ఒక్కో నిరోధంతో 1ని భాగించి, అన్నీ కలిపి, వచ్చినదాన్ని చివర్లో మళ్లీ తిరగేసే పద్ధతిని, కాసేపు పక్కన పెట్టండి. పరీక్షలకు అది బట్టీ పట్టినవాళ్లలో చాలామంది చివర్లో తిరగెయ్యడం మర్చిపోయి, 0.00195 ఓమ్‌లు అని రాసేసి ధీమాగా పేజీ తిప్పేస్తారు. కరెంట్లతో మొదలుపెడితే ఆ బాధే ఉండదు.

పాత రౌటర్ అడాప్టర్ ఉంటే తీయండి, దాని మీద 12 వోల్టులు, డీసీ అని ఉండాలి. 1 ఆంపియర్ అని కూడా ఉంటుంది కానీ కంగారొద్దు, అది అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం, మన సర్క్యూట్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. బ్రెడ్‌బోర్డ్ మీద 1200, 1500, 2200 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్లు మూడూ పేరలల్‌గా పెట్టండి. ప్రతి దాని కొసల మధ్యా అవే 12 వోల్టులు ఉంటాయి కాబట్టి ఓమ్ నియమాన్ని (వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు) ఒక్కోదానికీ విడిగా వాడొచ్చు: 12ని 1200తో భాగిస్తే 0.01 ఆంపియర్, అంటే 10 మిల్లీ ఆంపియర్లు, 1500తో 8, 2200తో 5.45. అన్నీ కలిపితే 23.45. ఇప్పుడు 12 వోల్టులను ఈ మొత్తం కరెంట్‌తో, అంటే 0.02345 ఆంపియర్లతో భాగించండి, దాదాపు 512 ఓమ్‌లు. అదే ఫలిత నిరోధం, అంటే మూడూ కలిసి ఒకే రెసిస్టర్‌లా పనిచేస్తే దాని విలువ. మీ సూత్రం చేసేదీ ఇదే, కాకపోతే 12ని మధ్యలోంచి కొట్టేస్తుంది.

జవాబు మూడిట్లో చిన్నదైన 1200 కంటే తక్కువే వచ్చింది చూశారా? ఎప్పుడూ అలాగే రావాలి, ఎక్కువొస్తే లెక్క ఎక్కడో తప్పినట్టే.

కరెంట్లను ఎందుకు కలపొచ్చో కిర్కాఫ్ 1845లో చెప్పాడు: ఒక కూడలిలోకి వచ్చే కరెంటూ, బయటికి పోయే కరెంటూ సమానం. బెజవాడ వాళ్లకు ఇది ఊళ్లోనే కనిపిస్తుంది, ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చిన నీళ్లు ఏలూరు, రైవస్, బందరు కాలువలుగా చీలిపోతాయి కదా. కానీ ఈ పోలికను ఇక్కడే ఆపేయాలి. వచ్చే నీళ్లు అవే అయితే కొత్త కాలువ తవ్వినప్పుడు పాతవాటి వాటా తగ్గుతుంది, పేరలల్‌లో మాత్రం ఇంకో రెసిస్టర్ పెడితే పాతవాటి కరెంట్ మారదు, అడాప్టర్ మీద భారం పెరుగుతుందంతే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అయితే ఇదంతా తీగల నిరోధం సున్నా అనుకున్నప్పటి మాట. ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రీషియన్ దగ్గర నిలబడ్డా ‘ముందు ఎర్త్ చూడు’ అనే అంటాడు, దానికి కారణముంది. కారులో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండూ వెలిగితే సుమారు 9 ఆంపియర్లు, అవన్నీ ఒకే ఎర్త్ తీగలోంచి కారు బాడీకి, అక్కణ్నుంచి బ్యాటరీ మైనస్‌కి వెనక్కి వస్తున్నాయనుకోండి. ఆ తీగను బాడీకి బిగించిన బోల్టు తుప్పుపట్టి 0.2 ఓమ్ నిరోధం చేరిందంటే ఒకటిన్నర వోల్టుకు పైనే అక్కడే పోతుంది. అదే ఎర్త్ పంచుకునే మిగతా బల్బులూ మసకబారతాయి. ఉమ్మడి తీగలో నిరోధం చేరితే అది ఇక శుద్ధమైన పేరలల్ కాదు.

ఇక మల్టీమీటర్. ఒక శాఖ కరెంట్ కొలవాలంటే ఆ రెసిస్టర్ కాలు ఒకటి పైకి లేపి, ఆ ఖాళీలో మీటర్ పెట్టాలి. ఆంపియర్ సెట్టింగ్‌లో ఉంచి నేరుగా ప్లస్, మైనస్‌ల మీద మీటర్ తీగల మొనలు పెట్టారో, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. ఓమ్‌లు కొలిచేటప్పుడు అడాప్టర్ తీసేయండి, అప్పుడూ ఒక కాలు లేపాల్సిందే, లేకపోతే మూడిట్లో దేన్ని కొలిచినా అదే 512 చూపిస్తుంది. 5 శాతం టాలరెన్స్ రెసిస్టర్లయితే (అంటే రాసిన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు) 10 మిల్లీ ఆంపియర్ల చోట 9.6 కనిపించినా టెన్షన్ పడకండి.

వచ్చే పాఠానికి ఈ లెక్క చేసి ఉంచండి. 12 వోల్టుల మీద 1000 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఇప్పటికే ఉంది, మొత్తం కరెంట్ 30 మిల్లీ ఆంపియర్లు కావాలి. పక్కన ఎన్ని ఓమ్‌లు పెట్టాలి? సరిగ్గా ఆ విలువే షాపులో దొరకదు, దగ్గరలో దొరికేది ఏదో చూడండి, పావు వాట్ రకం ఆ వేడికి తట్టుకుంటుందో లేదో కూడా లెక్కేయండి.