లా విద్యార్థులకు: లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఒక్క ఫైలు పట్టుకుని చివరిదాకా నడపడం ఎలా

నేను ఒంగోలు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్నాను. సెలవులొస్తే లా పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం వస్తుంటారు. పెద్ద ఆఫీసులో చోటు దొరకలేదని దిగులుపడేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే. లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఒక్క మనిషి పని భుజానికెత్తుకోండి, అది తేలేదాకా వదలకండి. నాలుగు అవగాహన సదస్సుల్లో బ్యానర్ వెనక నిలబడి ఫొటో దిగితే రాని చదువు ఆ ఒక్క ఫైలుతో వస్తుంది.

ముందు ఎక్కడికి వెళ్లాలో చూద్దాం. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీలోనూ లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలి, సీనియర్ అధ్యాపకులు ఒకరు దాన్ని చూసుకోవాలి. మీ కాలేజీలో అది తలుపు మీద బోర్డు వరకే ఉంటే ఆగిపోకండి. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ప్రిన్సిపాల్ లెటరు పట్టుకెళ్లి కార్యదర్శిని కలవండి. ఆ కార్యదర్శి జడ్జిగారే, కాబట్టి బెంచి మీద ఉన్న వేళ కాకుండా ఆఫీసులో అడిగి వెళ్లండి. పారా లీగల్ వాలంటీరుగా, అంటే జనానికీ న్యాయ సేవా సంస్థకీ మధ్య సాయపడే స్వచ్ఛంద కార్యకర్తగా తీసుకోమని అడగండి. లాయరుగా ఎన్‌రోల్ అయ్యేదాకా లా విద్యార్థులు ఆ పనికి అర్హులే, శిక్షణ కూడా వాళ్లే ఇస్తారు. క్రిమినల్ వైపు ఆసక్తి ఉంటే నిందితుల తరఫున ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో కూర్చోబెట్టమని అడగండి. ఇంటర్న్‌షిప్ లెక్క మూడేళ్ల కోర్సుకి 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకి 20 వారాలు. ఈ పనిని అందులో చూపించుకోవచ్చేమో కాలేజీలో ముందే తేల్చుకుని, డైరీలో ఏ రోజు పని ఆ రోజే రాసుకోండి.

వెళ్లేముందు 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ చదవండి. ఎవరికి ఉచితంగా లాయరునివ్వాలో అందులో ఉంది. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా అర్హులు. "ఆదాయం సర్టిఫికెట్ తెచ్చావా అమ్మా?" అని ఆడమనిషిని కౌంటరు దగ్గర్నించి తిప్పి పంపడం నేను కళ్లారా చూశాను. ఆ సెక్షన్ మీకు నోటికొచ్చి ఉంటే, ఆవిడ ఒక రోజు కూలి పోకుండా అక్కడే ఆపగలరు.

ఇక అసలు పని వినడం. దీన్ని ఏ పేపర్లోనూ సరిగా నేర్పరు.

ఒక మామ్మగారు క్లినిక్‌కి వచ్చారు. పింఛను ఆగిపోయిందన్నారు. నాతో ఉన్న నాలుగో సంవత్సరం అమ్మాయి వెంటనే అర్జీ మొదలుపెట్టలేదు. "మామ్మగారూ, మీ దగ్గరున్న కాగితాలన్నీ ఒకసారి చూపిస్తారా?" అంది. బట్టల షాపు కవర్లోంచి ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి చీటీలు, కరెంటు బిల్లులు బయటికొచ్చాయి. ఆ అమ్మాయి వాటిని తేదీల వారీగా బల్ల మీద వరసగా పేర్చింది. పాత బిల్లుల మీద మామ్మగారి భర్త పేరుంది. తర్వాత వచ్చిన వాటి మీద కొడుకు పేరు. "ఇల్లు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందండీ?" అని అడిగితే మామ్మగారు కాసేపు పలకలేదు. ఆ తర్వాత మెల్లిగా చెప్పారు. చూసుకుంటానంటే కొడుకు పేర రాసిచ్చారు, ఇప్పుడు కూతురింట్లో వసారాలో పడుకుంటున్నారు. వచ్చింది పింఛను కోసం, పోయింది ఇల్లు. మొదటి మాటకే అర్జీ రాసి పంపేసి ఉంటే రెండోది బయటికే రాదు.

కాబట్టి మొదటి పావుగంట పెన్ను కింద పెట్టండి. మధ్యలో సెక్షన్లు చెప్పకండి. వెంట వచ్చినవాళ్లని కాసేపు బయట కూర్చోమనండి, పక్కన కొడుకో అల్లుడో ఉంటే ముసలివాళ్లు నిజం చెప్పరు. కాగితాలు మాత్రం జిరాక్సులే ఉంచుకోండి. ఒరిజినల్స్ అక్కడికక్కడే వాళ్ల చేతికి ఇచ్చేయండి.

తర్వాత ఒకే ఒక్క పేజీ రాయండి. మూడు గడులు గీయండి: తేదీ, ఏం జరిగింది, దానికి ఏ కాగితం ఉంది. మూడో గడి ఖాళీగా ఉన్న ప్రతి చోటా మీకు పని ఉన్నట్టు. మామ్మగారి దగ్గర దస్తావేజు లేదు, కాబట్టి ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సెటిల్‌మెంటు దస్తావేజు నకలు తెప్పించాం. అందులో ఏం చూడాలంటే, పోషించాలన్న షరతు రాసి ఉందా లేదా అని. 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ ఆ షరతు చుట్టూనే తిరుగుతుంది. షరతుతో ఇచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే ఆ బదిలీని చెల్లదని ప్రకటించమని అడగొచ్చు. ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గరే ఉంటుంది. మనోవర్తి కూడా అక్కడే అడగొచ్చు, నెలకి గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఆ చట్టం 17వ సెక్షన్ లాయర్లు హాజరు కాకూడదంటుంది. కొన్ని హైకోర్టులు దీన్ని వేరేగా చదివాయి గానీ, చాలామంది ముసలివాళ్లు ఇప్పటికీ ఒంటరిగానే వెళ్తున్నారు. అందుకే అర్జీ తేటగా ఉండటం ఇక్కడ ప్రాణం. విద్యార్థి పెట్టే శ్రమకి ఇంత విలువున్న చోటు నాకు ఇంకోటి కనబడలేదు.

అర్జీ తెలుగులో రాయండి, ఆవిడ మాటల్లోనే రాయండి. "ప్రతివాది దురుద్దేశపూర్వకముగా" అని మొదలుపెడితే అధికారి అడిగినప్పుడు ఆవిడకే అర్థం కాదు. "సంక్రాంతి తర్వాత నా మంచం బయట వేశారు" అంటే అదే రాయండి. రాశాక పైకి చదివి వినిపించండి. వేలిముద్ర వేసేవాళ్లయితే, చదివి వినిపించామనీ ఒప్పుకున్నారనీ కింద రాసి, రాసినవారి పేరు పెట్టండి. రెండు కాపీలు తీసుకెళ్లి, రెండో దాని మీద తేదీతో ఆఫీసు ముద్ర, సంతకం వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకి గడువు 30 రోజులు.

కోర్టులో కేసు ఉన్నవాళ్లయితే సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే విడి గుర్తింపు నంబరు రాసుకోండి. ఆ 16 అక్షరాలూ ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా, చివరి ఆర్డరు కనిపిస్తాయి. "మా లాయరు ఏం చెప్పట్లేదమ్మా" అని వచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఆ వాయిదా తేదీయే.

సబ్ జైలుకి కార్యదర్శి అనుమతితో, ప్యానెల్ లాయరు వెంటే వెళ్లాలి. అక్కడ మీరు చేయగలిగిన గొప్ప పని లెక్క. రిమాండ్ తేదీ, సెక్షన్లు, గరిష్ఠ శిక్ష, పాత శిక్షలు, ఇంకేవైనా కేసులు, చార్జిషీటు తేదీ రాసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ కింద, గతంలో ఎప్పుడూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే బెయిలు మీద వదలాలి, మిగతావాళ్లకి సగం. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, అంటే మొదటిసారి వచ్చినవాడికి ఏడాది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా చిక్కే. ఈ సెక్షన్ పాత కేసులకీ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

బెయిలు వచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉన్నవాళ్లని విడిగా అడిగి రాసుకోండి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా సంస్థ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. మీ జాబితాను కార్యదర్శి బల్ల మీద పెడితే జామీను షరతులు సడలించమనే పిటిషన్ కదులుతుంది.

హద్దులు కూడా చెప్పాలి. అడ్వకేట్స్ చట్టం ప్రకారం వాదించే హక్కు ఎన్‌రోల్ అయినవాళ్లదే. కోర్టులో మీరు మాట్లాడరు, లీగల్ నోటీసు మీద సంతకం పెట్టరు, "కేసు గెలుస్తాం" అని మాటివ్వరు. సలహా ఏదైనా ప్యానెల్ లాయరు చూశాకే ఇవ్వాలి. ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోకూడదు, జిరాక్సు డబ్బులు కూడా. కక్షిదారుల ఫొటోలు తీయకూడదు. స్టేటస్‌లో పెట్టడం మరీ తప్పు. రిజిస్టరు చూడకుండా కొత్తవాళ్లని కూర్చోబెట్టకండి. పొద్దున భార్య వచ్చి వెళ్లిన చోటికి సాయంత్రం భర్త వస్తాడు, అప్పుడు ఆ రెండో మనిషిని వేరే లాయరు దగ్గరికి పంపాలి.

దెబ్బలు తిని వచ్చిన ఆడమనిషికి రాజీ చెప్పే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోవద్దు. "పిల్లల మొహం చూసి సర్దుకో అక్కా" అనే మాట ఆవిడ ఇంట్లో, పోలీస్ స్టేషన్లో, పంచాయితీలో వినే వచ్చింది. మీ నోట కూడా వింటే ఇక ఎక్కడికీ పోదు. 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి తోడు వెళ్లండి, డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక) రాయించండి. రాత్రివేళ అవసరమైతే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. న్యాయ సహాయానికి 15100 నంబరు ఆవిడకి ఏ పేరుతో దాచుకోవడం క్షేమమో అడిగి, ఫోన్లో సేవ్ చేసివ్వండి.

సెమిస్టర్ పరీక్షలొచ్చేసరికి క్లినిక్ ఖాళీ అయిపోతుంది. పిల్లలు ఊళ్లకి వెళ్లిపోతారు, వాయిదాలు మాత్రం ఆగవు. హాల్ టికెట్ రాకముందే మీ ఫైలు మీద ఒక కాగితం పెట్టండి: ఇప్పటిదాకా ఏం చేశారు, ఏ ఆఫీసులో ఏ తేదీన ఏమిచ్చారు, తర్వాతి వాయిదా ఎప్పుడు, ఏ కాగితం ఇంకా రావాలి. జూనియర్‌ని కూర్చోబెట్టి అంతా చదివి వినిపించండి. ఇక నుంచి ఎవరిని అడగాలో కక్షిదారుకి కూడా ఫోన్ చేసి, ఆ జూనియర్ చేతికి ఫోనిచ్చి మాట్లాడించండి.