సర్వర్‌లో అడ్మిన్‌నే రానివ్వని ఫోల్డర్‌ని తెరవడం

ఉద్యోగం మానేసి వెళ్ళిన మనిషి ఫోల్డర్. తెరిస్తే "యాక్సెస్ డినైడ్", అదీ అడ్మిన్‌గా లాగిన్ అయ్యాక. ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ పర్మిషన్లు కిందికి వాటంతటవే రావడం) తీసేసి, పర్మిషన్ల లిస్టులో తన పేరొక్కటే ఉంచుకుని పోయాడన్నమాట. టెన్షన్ పడకండి, విండోస్ సర్వర్‌లో అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపుకి ఓనర్‌షిప్ లాక్కునే హక్కు ఎప్పుడూ ఉంటుంది (ఎవరైనా పాలసీలో పనిగట్టుకుని తీసేస్తే తప్ప).

ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ పక్కన ఛేంజ్ నొక్కి, మీ సొంత పేరు కాకుండా అడ్మినిస్ట్రేటర్స్ అని గ్రూపు పేరే ఇవ్వండి, లేదంటే రేపు మీరు మానేసినప్పుడు మళ్ళీ ఇదే కథ. కింద సబ్‌ఫోల్డర్లకి కూడా ఓనర్‌ని మార్చే టిక్ బాక్సు ఉంటుంది, దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి. అది పెడితే, చదవలేని ఫోల్డర్ల పర్మిషన్లన్నీ తీసేసి మీకు ఫుల్ కంట్రోల్ ఇవ్వమంటావా అని అడుగుతుంది, తొందరలో ఎస్ కొట్టామా, అప్పటిదాకా బాగానే పని చేసుకుంటున్న వాళ్ళ పర్మిషన్లు కూడా పోతాయి. నేనొకసారి కొట్టాను, ఆ రోజంతా ఫోన్లే.

ఓకే కొట్టి, విండో మూసి, మళ్ళీ తెరిచి, యాడ్‌లో అడ్మినిస్ట్రేటర్స్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. లోపల ఇన్‌హెరిటెన్స్ ఉన్నవన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి, మిగిలిన ఒకటీ అరా విడిగా చూసుకోండి.

ఫోల్డర్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్న మనిషిదైతే మాత్రం పనయ్యాక ఓనర్‌గా తన పేరే తిరిగి పెట్టండి, డిస్క్ కోటా (ఒక్కొక్కరు డిస్కులో ఎంత జాగా వాడుకోవచ్చనే పరిమితి) లెక్క ఓనర్‌ని బట్టే నడుస్తుంది.