శియాన్ కోట గోడను ఎలా చూడాలి?

చైనాలో గోడ అనగానే అందరికీ మహాకుడ్యమే గుర్తొస్తుంది. కానీ ఒక కోట శత్రువును ఎలా ఆపేదో కళ్లారా చూడాలంటే శియాన్ వెళ్లాలి. మింగ్ వంశపు తొలి చక్రవర్తి కాలంలో 1370లో మొదలై 1378కి పూర్తయిన ఈ గోడ ఇప్పటికీ పాత నగరాన్ని 13.7 కిలోమీటర్ల మేర చుట్టి ఉంది. ఒక పూట చాలు.

మెట్రో రెండో లైన్‌లో యొంగ్‌నింగ్‌మెన్ స్టేషన్‌లో దిగండి. అదే దక్షిణ ద్వారం. పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి.

చాలామంది గబగబా మెట్లెక్కి సైకిల్ పట్టుకుంటారు. ఆ తొందర వద్దు. ముందు రెండు ద్వారాల మధ్య ఉన్న ఆవరణలో నిలబడి మెల్లగా చుట్టూ తిరిగి చూడండి. బయటి తలుపు బద్దలుకొట్టిన సైన్యం నేరుగా ఊళ్లోకి రాలేదు, ఇక్కడికొస్తుంది. ఎదురుగా ఇంకో తలుపు, నాలుగు వైపులా పైనుంచి బాణాలు. దీన్ని చైనా భాషలో ‘వెంగ్‌చెంగ్’ అంటారు, అంటే ‘బాన కోట’. నా దృష్టిలో మొత్తం గోడలో ఇదే అసలైన చోటు.

ఇప్పుడు పైకెక్కండి. గోడ ఎత్తు 12 మీటర్లు, పైన వెడల్పు కూడా కనీసం అంతే. లోపలంతా దిమ్మిసతో కొట్టి గట్టిపరచిన మట్టి. ఇటుక తొడుగు 1568లో వేశారు. ప్రతి 120 మీటర్లకు ఒక బురుజు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. రెండు బురుజుల నుంచీ బాణాలు సగం దూరం వెళ్తే చాలు, గోడ పాదాన్ని చేరినవాడికి దాక్కునే చోటు ఉండదు.

ఆ తర్వాత సైకిల్ తీసుకోండి. చుట్టూ తిరగడానికి సుమారు రెండు గంటలు. నీడ లేదు కాబట్టి ఎండాకాలంలో సాయంత్రం వెళ్లండి. తొక్కుతూ 1926ని తలచుకోండి: ఆ ఏడాది ఒక సేనాపతి దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించినా నగరం లొంగలేదు. లోపల మాత్రం వేలమంది ఆకలితో చనిపోయారు. 1950ల్లో ఈ గోడను కూల్చేయాలనుకున్నారు కూడా. 1961లో జాతీయ రక్షిత కట్టడం కావడంతో గండం గడిచింది.

కిందికి దిగాక ఓపిక ఉంటే దక్షిణానికి వెళ్లి పెద్ద అడవిబాతు పగోడా చూడండి. మన ధాన్యకటకం దాకా వచ్చి, 645లో ఈ నగరానికే తిరిగి చేరిన హ్యూయన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టింది అదే.