బాస్ దగ్గర ఆగిపోయారా? గుంపులో సాయం అడిగే ముందు ఇవి చేయండి

నేనొక డిస్కార్డ్ సర్వర్‌లో, అంటే ఒక చాట్ గుంపులో, మోడరేటర్‌ని. ఎల్డెన్ రింగ్, సెకిరో, సిల్క్‌సాంగ్ లాంటి కష్టమైన గేమ్స్ ఆడేవాళ్లు చేరే చోటది. బాస్ అంటే వాటిలో దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు. అర్ధరాత్రి కాగానే ఒక రకం మెసేజ్ తప్పకుండా వస్తుంది: "ఈ బాస్ శుద్ధ అన్యాయం, ఏం చేయాలో ఎవరైనా చెప్పండి." వెంటనే కింద ఒకరు "గిట్ గుడ్" (ముందు ఆడటం నేర్చుకో) అంటారు, ఇంకొకరు "స్కిల్ ఇష్యూ" (లోపం నీ ఆటలోనే) అంటారు, మూడో మనిషి పడీపడీ నవ్వే స్టిక్కర్ పెడతారు. అడిగినవాళ్లకి ఒళ్లు మండుతుంది. మాటా మాటా పెరుగుతుంది. నేను వెళ్లి నాలుగు మెసేజ్‌లు డిలీట్ చేసి, ఒకరిద్దరిని మ్యూట్ చేసి వస్తాను. బాస్ మాత్రం ఎక్కడివాడక్కడే ఉంటాడు.

విచిత్రమేంటంటే, అదే బాస్ గురించి "కర్ర పైకెత్తి కాసేపు ఆపుతాడు కదా, అక్కడ నేను ముందే దొర్లేస్తున్నా" అని (దొర్లడం అంటే దెబ్బ తప్పించుకునే కదలిక) ఎవరైనా రాస్తే, ఇందాక వెక్కిరించినవాళ్లే పేరాలకు పేరాలు జవాబు రాస్తారు. వీడియో క్లిప్ తీసి మరీ పెడతారు. ప్రశ్న మారేసరికి మనుషులే మారిపోయినట్టుంటుంది. అలాంటి ప్రశ్న అడగాలంటే ముందు మీరెక్కడ చస్తున్నారో మీకు తెలియాలి. పని అక్కణ్నుంచి మొదలుపెడదాం.

ముందు మీ చావుని చూడండి

"గేమ్ కష్టంగా ఉంది" అనే మాటలో నాలుగైదు సంగతులు కలిసిపోయి ఉంటాయి. దెబ్బ ఎప్పుడు పడుతుందో కంటికి అందకపోవచ్చు. అందినా చెయ్యి సమయానికి కదలకపోవచ్చు. రెండూ బాగానే ఉన్నా క్యారెక్టర్ బలం చాలకపోవచ్చు. చెక్‌పాయింట్ నుంచి బాస్ దాకా మళ్లీ మళ్లీ పరిగెత్తి, ఫైట్ మొదలయ్యేసరికే ఓపిక అయిపోయి ఉండొచ్చు. ఒక్కోదానికి మందు వేరు. దెబ్బ ఎప్పుడొస్తుందో కనిపెట్టలేక చస్తున్న మనిషి గంటలకొద్దీ లెవెల్ పెంచుకుంటే బాధ కొంత తగ్గుతుంది, తర్వాతి బాస్ దగ్గర మళ్లీ తిరిగొస్తుంది.

చివరి మూడు నాలుగు చావులు రికార్డ్ చేయండి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్టీమ్ అన్నింటిలో ఆ సదుపాయం ఉంది. స్విచ్‌లోనైతే క్యాప్చర్ బటన్ నొక్కి పట్టుకుంటే చాలా గేమ్స్‌లో చివరి 30 సెకన్లు సేవ్ అవుతాయి. చూసేటప్పుడు మిమ్మల్ని చంపిన దెబ్బని వదిలేసి, దానికి ముందు తిన్న దెబ్బని చూడండి. చాలా క్లిప్‌లలో కథ అక్కడే ఉంటుంది. మొదటి దెబ్బ తగలగానే టెన్షన్‌లో వరసగా దొర్లుతాం, స్టామినా (కదలడానికి కావాల్సిన శక్తి) ఖాళీ అవుతుంది, తర్వాతి దెబ్బకి కదలడానికి ఏమీ మిగలదు.

మార్గిట్‌నే తీసుకోండి. ఎల్డెన్ రింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మా దగ్గర ఎక్కువగా ఆగేది వాడి దగ్గరే. వాడు కర్ర పైకెత్తుతాడు. ఎత్తగానే దెబ్బ పడుతుందని మన వేలు బటన్ మీదకి పోతుంది. వాడు వెయ్యడు, అలా గాల్లోనే పట్టుకుని ఉంటాడు. మనం దొర్లి లేచే క్షణానికి సరిగ్గా దించుతాడు. "నా రిఫ్లెక్స్‌లు స్లో అండీ" అని బాధపడేవాళ్ల క్లిప్ చూస్తే, వాళ్లు అవసరమైనదానికంటే చాలా ముందే నొక్కేస్తూ కనిపిస్తారు. కర్ర ఎత్తడాన్ని పట్టించుకోకండి. అది దిగడం మొదలయ్యాక నొక్కండి, అదీ వెనక్కి పోకుండా వాడి వైపుకి, కాస్త పక్కగా. ఇంకోటి, దూరంగా వెళ్లి తీరిగ్గా ఫ్లాస్క్ (లైఫ్ నింపే మందు) తాగుదామంటే వెంటనే బాకు విసురుతాడు. వాడు పెద్ద దెబ్బ వేసి తేరుకునే సందులో తాగాలి. ఇవన్నీ కనిపెట్టాలంటే ఒక రౌండంతా వాడిని ముట్టుకోకుండా తప్పించుకుంటూనే ఆడండి. గెలవాలన్న ఆశ లేనప్పుడు కళ్లు బాగా పనిచేస్తాయి.

బలం చాలకపోవడం ఇంకో రకం. 2025 సెప్టెంబర్‌లో సిల్క్‌సాంగ్ వచ్చినప్పుడు మా సర్వర్‌లో ఎక్కువ గొడవ దీని మీదే. అందులో మనం ఆడే హార్నెట్‌కి మొదట 5 మాస్క్‌లు, అంటే లైఫ్ గుర్తులు, ఉంటాయి. చాలామంది బాసులు ఒక్క దెబ్బకి 2 మాస్క్‌లు తీసేస్తారు. మధ్యలో హీల్ చేసుకోకపోతే మూడో దెబ్బకి చావు. అష్టకష్టాలు పడి 4 మాస్క్ ముక్కలు ఏరుకొచ్చి ఆరో మాస్క్ సంపాదించారనుకోండి. రెండేసి చొప్పున లెక్కేయండి, అప్పుడూ మూడో దెబ్బకే చావు! ఏడో మాస్క్ వస్తే గానీ ఇంకో దెబ్బ ఓర్చుకోలేరు. "లైఫ్ పెంచుకున్నా తేడా తెలియట్లేదు" అన్నవాళ్లు ఏడుపుగొట్టు మాటలు మాట్లాడలేదు, లెక్క సరిగ్గానే చెప్పారు. వాళ్లకి ఇవ్వాల్సిన సలహా కూడా ఆ లెక్కలోంచే రావాలి: ఆ ఒక్క మాస్క్ కోసం మ్యాపంతా తిరిగే బదులు ముందు టూల్స్, హార్నెట్ ఆయుధమైన సూది అప్‌గ్రేడ్ చూసుకోమని.

చిన్న మాట. టీవీలో ఆడుతుంటే సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది లేకపోతే బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ కొంత సమయం తీసుకుంటుంది, మీ ప్యారీ (సరైన క్షణంలో దెబ్బని అడ్డుకోవడం) ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుంది.

సులువు చేసుకునే దారులు

మెనూలో డిఫికల్టీ ఆప్షన్ ఉంటే వాడుకోండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డీలో అన్నిటికంటే సులువైన మోడ్ పక్కన హీరోకి పసిపిల్లల టోపీ పెట్టి, నోట్లో పాలపీక కూడా పెట్టారు. ఈజీ మోడ్ అంటే ఎగతాళి అనే అలవాటు అంత పాతది. దానికి సరైన జవాబు 2018లో సెలెస్ట్ ఇచ్చింది. అందులో అసిస్ట్ మోడ్ ఆన్ చేస్తే గేమ్ వేగాన్ని సగానికి దించుకోవచ్చు, స్టామినా అయిపోకుండా చేసుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా ఆడొచ్చు. నా సలహా, చావు లేని ఆప్షన్ జోలికి వెళ్లే ముందు వేగం ఒక్కటే కాస్త తగ్గించి చూడండి. దారి కంటికి అందాక మళ్లీ పెంచుకోవచ్చు.

హేడిస్‌లో గాడ్ మోడ్ నాకింకా నచ్చుతుంది. మొదట మీకు తగిలే దెబ్బల్లో 20 శాతం తగ్గిస్తుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం కలుపుతుంది, 80 దాకా వెళ్తుంది. మీకెంత సాయం కావాలో మీ చావులే తేలుస్తాయి. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో అయితే శత్రువుల తెలివి, దొరికే సరుకులు, దాక్కోవడం ఇవన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. ఇందాక మీ చావు చూసి కనిపెట్టింది ఇక్కడ అక్కరకొస్తుంది: ఏది కష్టమో అదొక్కటే తగ్గించుకుంటారు.

తిరకాసులూ ఉన్నాయి. కప్‌హెడ్‌లో సింపుల్ మోడ్‌లో బాస్‌ని ఓడిస్తే ఒప్పంద పత్రం చేతికి రాదు, అవి లేకుండా చివరి లోకంలోకి రానివ్వరు. 2018 గాడ్ ఆఫ్ వార్‌లో అన్నిటికంటే కష్టమైన మోడ్‌తో మొదలుపెడితే మధ్యలో తగ్గించుకునే వీలు లేదు. గొప్పకి పోయి అది ఎంచుకునే ముందు ఆలోచించండి.

మెనూలో ఏమీ లేని గేమ్స్ సంగతి వేరు. సెకిరో 2019లో వచ్చినప్పుడు ఈజీ మోడ్ ఉండాలా వద్దా అని నెలలకొద్దీ కొట్టుకున్నారు. వద్దన్నవాళ్ల వాదనలో నాకు నచ్చే ముక్క ఒకటుంది: అందరూ ఒకే బాస్‌ని ఒకే బలంతో ఎదుర్కొంటారు కాబట్టే ఒకరి అనుభవం ఇంకొకరికి అక్షరం పొల్లుపోకుండా పనికొస్తుంది. అంతవరకు ఒప్పుకుంటాను. వేరెవరో సులువుగా ఆడితే నా గెలుపు విలువ తగ్గిపోతుందనే ముక్క మాత్రం నా బుర్రకెక్కదు.

ఎల్డెన్ రింగ్‌లో ఆ మెనూ ప్రపంచంలోనే పరిచి పెట్టారు. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గర రెన్నా ఇచ్చే గంటతో ఆత్మల్ని సాయానికి పిలవొచ్చు (దీన్నే సమన్ అంటారు). మార్గిట్ గది ముందు రోజియర్ అనే సహాయకుడి పిలుపు గుర్తు ఉంటుంది. దక్షిణాన వీపింగ్ పెనిన్సులా తిరిగొచ్చి లెవెల్ పెంచుకోవచ్చు. "సమన్ వాడితే గెలిచినట్టు కాదు" అనేవాళ్లు ప్రతి సర్వర్‌లో ఉంటారు. ఆ గంట పెట్టింది గేమ్ తయారుచేసినవాళ్లే అని చెప్పి ముందుకు వెళ్లండి. 2024లో వచ్చిన దాని అదనపు భాగం షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీలోనూ ఇంతే. పాత లెవెల్ ఎంత ఉన్నా అక్కడ బలం పెంచే స్కాడుట్రీ ముక్కలు ఏరుకోకుండా బాస్ దగ్గరికి పరిగెత్తినవాళ్లు దెబ్బతిన్నారు, తర్వాత అప్‌డేట్‌లో మొదటి ముక్కల బలాన్ని పెంచారు కూడా. సిల్క్‌సాంగ్ కూడా విడుదలైన కొద్ది రోజులకే తొలి బాసులు ఇద్దరి బలాన్ని కాస్త తగ్గించింది. అందుకే కొత్త గేమ్ మొదటి వారంలో జరిగే తగాదాల్లో తలదూర్చకండి. మీరు వాదిస్తుండగానే ఆట మారిపోవచ్చు.

ఎలా అడగాలి

మెసేజ్‌లో ఇవి ఉండాలి: ఏ గేమ్, ఏ బాస్, మీ లెవెల్, ఆయుధం, మిమ్మల్ని చంపుతున్న దెబ్బ ఏది, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు. ఇవన్నీ రాసేవాళ్లు కూడా మర్చిపోయేది ఒకటుంది, ఎంత సాయం కావాలి? చిన్న సూచన చాలా, మొత్తం పద్ధతి కావాలా, లేక ఎవరైనా వచ్చి కలిసి ఆడాలా అన్నది. నమూనా ఇదిగో:

"ఎల్డెన్ రింగ్, మార్గిట్. లెవెల్ 22, కత్తి, డాలు. సగం లైఫ్ దాకా తెస్తున్నా. వాడు వెలుగు సుత్తి తీశాక ఎగిరి కొట్టే దెబ్బకి పోతున్నా, డాలు అడ్డుపెడితే స్టామినా మొత్తం పోతోంది. సూచన చాలు, తర్వాతి కథ చెప్పకండి."

దీని కింద "గిట్ గుడ్" అని రాయడానికి ఎవరికీ మనసొప్పదు. ఒకవేళ రాసినా జవాబివ్వకండి. పనికొచ్చే మాట చెప్పిన మనిషికి మాత్రమే రిప్లై పెట్టండి, మిగతావి వాటంతటవే పైకి జారిపోతాయి. దెబ్బ తిన్న మరుక్షణం మాత్రం మెసేజ్ టైప్ చేయకండి. ఆ కోపంలో రాసేది ప్రశ్నలా ఉండదు, తిట్టులా ఉంటుంది.

సాయం చేసేవాళ్లు ఉండరని అనుకోకండి. 2022లో తల మీద కుండ తప్ప ఒంటి మీద కవచం లేని ఒక ఆటగాడు, పిలిచినవాళ్ల లోకంలోకి వెళ్లి ఎల్డెన్ రింగ్ బాస్ మలేనియాని ఒంటరిగా ఓడించి పెడుతూ ప్రసిద్ధికెక్కాడు. ఆ గేమ్‌లో నేల మీద మీరు రాసిన సందేశానికి ఎవరైనా రేటింగ్ ఇస్తే ఆ క్షణంలో మీకు లైఫ్ తిరిగొస్తుంది. లేని రహస్య ద్వారం ఉందని రాసి గోడని కొట్టించేవాళ్లూ అక్కడే ఉంటారనుకోండి.

జవాబు చెప్పేవాళ్లకి కూడా ఒక మాట. "ఈజీనే కదా" అని మొదలుపెట్టకండి. మీ బిల్డ్ (ఎంచుకున్న ఆయుధాలు, బలాలు) మొత్తం వాళ్ల నెత్తిన రుద్దకండి, వాళ్ల చేతిలో ఉన్న కత్తితో ఏం చేయొచ్చో చెప్పండి. బాస్‌కి రెండో ఫేజ్, అంటే రెండో దశ, ఉందన్న సంగతి కూడా కొందరికి స్పాయిలరే. డిస్కార్డ్‌లో వాక్యానికి ముందు రెండు, వెనక రెండు నిలువు గీతలు పెడితే అది కనపడకుండా ఉంటుంది.

ఎదురుగా మనుషులున్నప్పుడు

మల్టీప్లేయర్‌లో కష్టం బాస్‌లా నిలకడగా ఉండదు. మ్యాచ్‌మేకింగ్ మీ స్థాయివాళ్లనే వెతికి తెస్తుంది కాబట్టి, అది బాగా పనిచేసినా సుమారు సగం ఆటలు ఓడిపోతారు. ర్యాంక్ పెరిగినా ఇది మారదు. బాగా ఆడుతూ కూడా కొత్త అకౌంట్‌తో కింది ర్యాంకుల్లో దూరే స్మర్ఫ్‌లు వేరే తలనొప్పి. వాల్వ్ 2023లో డోటా 2 నుంచి 90,000 స్మర్ఫ్ అకౌంట్లని ఒకేసారి నిషేధించింది. అనుమానం వస్తే చాట్‌లో తిట్టకుండా రిపోర్ట్ నొక్కి వదిలేయండి.

చాట్‌ని ఎంత కట్టడి చేసినా దారులు వెతుక్కుంటారు. ఓవర్‌వాచ్‌లో "జీజీ ఈజీ" (మంచి ఆట, చాలా సులువు అనే ఎగతాళి) అని టైప్ చేస్తే గేమే దాన్ని మార్చి, నిద్రవేళ దాటిపోయింది మా అమ్మకి చెప్పకండి లాంటి మాటలు మీ పేరుతో పెట్టేది. రాకెట్ లీగ్‌లో రెడీమేడ్‌గా ఇచ్చిన "వాట్ ఎ సేవ్!" అనే మెచ్చుకోలునే, గోల్ పోయినప్పుడు వెక్కిరింపుగా వాడతారు. కాబట్టి మొదటి మాటకే మ్యూట్ చేసేయండి, రెండో మాట దాకా ఆగొద్దు. అపెక్స్ లెజెండ్స్ లాంటి వాటిలో పింగ్ బటన్‌తోనే (జట్టువాళ్లకి గుర్తు చూపించే బటన్) శత్రువు ఎక్కడో, ఏ తుపాకీ కావాలో అన్నీ చెప్పుకోవచ్చు, నోరు తెరవక్కర్లేదు. వరసగా రెండు ఓడిపోతే ఆ పూటకి ర్యాంక్డ్ ఆపేయడం నా పద్ధతి. మూడోదానిలో ఆడేది నేను కాదు, నా కోపం.

ఇక బాస్‌ని ఓడించారనుకోండి. గుంపులో మీరు అడిగిన పాత మెసేజ్ వెతికి, దాని కిందే ఏది పనిచేసిందో రెండు వాక్యాల్లో రాయండి: ఏ దెబ్బ దగ్గర ఏం మార్చారు, ఏ సలహా పనికిరాలేదు. బాస్ పేరు సరైన స్పెల్లింగ్‌తో ఉండాలి, లేకపోతే తర్వాత వెతికేవాళ్లకి అది దొరకదు.