విండోస్ అప్‌డేట్ పదేపదే విఫలమవుతుంటే ఏ వరుసలో సరిచేయాలి

కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, తెర మీద శాతం అంకె ముప్పై దాకానో తొంభై దాకానో పాకుతుంది, ఆపై అప్‌డేట్ పూర్తి కాలేదనీ, చేసిన మార్పులను వెనక్కి తీసుకుంటున్నామనీ, కంప్యూటర్‌ను ఆపవద్దనీ ఒక సందేశం వస్తుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది ఓపిక నశించి పవర్ బటన్ నొక్కేస్తారు. అలా ఎంతమాత్రం చేయకూడదు. ఎక్కడో తప్పు జరిగిందని గుర్తించిన విండోస్ తనను తాను పాత స్థితికి చేర్చుకుంటున్న సమయమది. పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలో ఈ పనికి గంట దాటినా ఆశ్చర్యం లేదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి, డిస్క్ దీపం మినుకుమినుకుమంటున్నంతసేపూ దాని మానాన దాన్ని వదిలేయాలి.

డెస్క్‌టాప్ తిరిగి కనిపించాక, మరమ్మతుకు పూనుకునే ముందు, పోతే మళ్ళీ దొరకని ఫోటోలనూ పత్రాలనూ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని సమాచారాన్ని గుప్తంగా ఉంచే తాళం, పనిచేస్తున్న కంప్యూటర్లలో ఆ తాళం తెరిచే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ కూడా చేతిలో ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారికి అది సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రమై ఉంటుంది. తర్వాత వచ్చే కొన్ని మెట్ల వద్ద కంప్యూటర్ ఈ కీని అడగవచ్చు, అప్పుడు వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే.

ఇక అసలు పని లోపం సంకేతాన్ని చదవడంతో మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే విఫలమైన అప్‌డేట్ పేరు, కేబీతో మొదలయ్యే దాని సంఖ్య, సున్నా ఎక్స్‌తో మొదలయ్యే సంకేతం కనిపిస్తాయి. వీటిని కాగితం మీద రాసుకోవాలి. మా ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో ఒకే అప్‌డేట్ మూడుసార్లు వెనక్కి వెళ్ళినప్పుడు నేను ఈ మెట్టు దాటేసి నేరుగా ఫోల్డర్లు చెరిపే పనికి దిగాను. తర్వాత కారణం వెతుకుదామని హిస్టరీ తెరిస్తే ఖాళీగా ఉంది, ఎందుకంటే ఆ జాబితా కూడా నేను చెరిపిన ఫోల్డర్‌లోనే ఉండేది. చివరికి తేలిందేమిటంటే సీ డ్రైవ్ దాదాపు నిండిపోయింది, అంతే.

80070070తో ముగిసే సంకేతం చెప్పేది అదే, డిస్క్‌లో చోటు లేదని. 80073712 వస్తే అప్‌డేట్‌లకు ఆధారమైన విండోస్ అంతర్గత ఫైళ్ళ నిల్వ దెబ్బతిన్నదని అర్థం. 80070643 మాత్రం అంత సూటిగా చెప్పదు, ఇన్‌స్టాల్ విఫలమైందని మాత్రమే అంటుంది. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన కేబీ5034441 ఎందరికో ఇదే సంకేతం చూపించింది. అక్కడ అసలు కారణం రికవరీ పార్టిషన్‌లో, అంటే మరమ్మతు సాధనాల కోసం డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగంలో, 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. అటువంటప్పుడు సీ డ్రైవ్‌ను ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు, పార్టిషన్ పరిమాణాన్నే మార్చాలి. బ్యాకప్ లేకుండా ఆ పని జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. విండోస్ 10 ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట: దాని సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, పొడిగించిన భద్రతా అప్‌డేట్‌లకు నమోదు కాని కంప్యూటర్‌కు కొత్త నెలవారీ అప్‌డేట్‌లు రాకపోవడం లోపం కాదు.

చోటు విషయంలో, పెద్ద వెర్షన్ మార్పుకు కనీసం 20 జీబీ ఖాళీ ఉంచుకోవడం క్షేమం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అనే వరుసలో వెళ్తే చెరపదగినవన్నీ ఒకచోట కనిపిస్తాయి. అయితే ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది, దాని పక్కన టిక్ లేదని చూసుకున్నాకే తొలగించే బటన్ నొక్కాలి. పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అనే అంశాన్ని చెరిపితే చాలా జీబీలు మిగులుతాయి గానీ, వెనుకటి వెర్షన్‌కు తిరిగి వెళ్ళే దారి మూసుకుపోతుంది.

చోటు సరిపడా ఉన్నా విఫలమవుతుంటే, ఖర్చులేని చిన్న పనులు ముందు చేయాలి. తేదీ, సమయం తప్పుగా ఉంటే సర్వర్‌తో భద్రమైన అనుసంధానమే కుదరదు. పెన్‌డ్రైవ్‌లు, బయటి డిస్క్‌లు, ప్రింటర్ తీసేయాలి, వీపీఎన్ ఆపాలి, విడిగా వేసుకున్న యాంటీవైరస్ ఉంటే తాత్కాలికంగా తొలగించాలి. ఆ తర్వాత షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ ఎంచుకోవాలి, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ చేసినా వ్యవస్థ స్థితిలో కొంత భాగం డిస్క్‌లో భద్రమై మళ్ళీ అలాగే లేస్తుంది, రీస్టార్ట్‌తోనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

తర్వాతి మెట్టు సగం దిగి పాడైన డౌన్‌లోడ్‌లను పక్కకు తప్పించడం. సర్వీసెస్ కిటికీ తెరిచి విండోస్ అప్‌డేట్‌నూ, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌నూ ఆపి, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ లోపల ఉన్న సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు చివర 'పాతది' అని చేర్చాలి. పేరు మార్చితే చాలు, చెరపనక్కరలేదు. ఆ రెండు సర్వీసులనూ తిరిగి నడిపించి అప్‌డేట్ కోసం వెతికితే విండోస్ అదే పేరుతో కొత్త ఫోల్డర్ సృష్టించుకుంటుంది.

అప్పటికీ లొంగకపోతే దెబ్బతిన్న సిస్టమ్ ఫైళ్ళను బాగుచేయాలి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో టెర్మినల్ తెరిచి, డీఐఎస్ఎం అనే నాలుగు అక్షరాలు, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, ఖాళీ, స్లాష్ రిస్టోర్‌హెల్త్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కాలి. శాతం అంకె 20 దగ్గరో 62.3 దగ్గరో చాలాసేపు కదలకుండా నిలిచిపోతుంది. ఆగిపోయిందనుకొని కిటికీ మూసేయవద్దు, అది తరచుగా జరిగేదే. అది ముగిశాక ఎస్ఎఫ్‌సీ, ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ అనే రెండో ఆదేశం ఇవ్వాలి. ఈ క్రమాన్ని తారుమారు చేయవద్దని నా సలహా: పాడైన ఫైళ్ళ స్థానంలో పెట్టడానికి ఎస్ఎఫ్‌సీ మంచి ప్రతులను తెచ్చుకునే నిల్వను మొదటి ఆదేశమే బాగుచేస్తుంది. రెండూ పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి అప్‌డేట్‌ను మళ్ళీ ప్రయత్నించాలి. బాగుచేసిన ఫైళ్ళు వారం తిరగకుండానే మళ్ళీ పాడైతే నేరం విండోస్‌ది కాకపోవచ్చు, డిస్క్‌నూ మెమరీనీ పరీక్షించుకోవాలి.

ఒక్క అప్‌డేటే మొండికేస్తుంటే, రాసుకున్న కేబీ సంఖ్యతో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో వెతికి, మీ విండోస్ వెర్షన్‌కూ ప్రాసెసర్ రకానికీ సరిపోయే ఫైల్‌ను దించుకుని చేత్తో ఇన్‌స్టాల్ చేయవచ్చు. ఏ అప్‌డేటూ ఎక్కకపోతే విండోస్‌ను దాని మీదే తిరిగి ఇన్‌స్టాల్ చేయడం చివరి ఉపాయం. విండోస్ 11 కొత్త వెర్షన్లలో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ఇందుకోసమే ఒక బటన్ ఉంది, మన ఫైళ్ళు, యాప్‌లు, సెట్టింగ్‌లు అలాగే ఉంటాయి. ఆ బటన్ లేనివారు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఐఎస్ఓ ఫైల్‌ను, అంటే విండోస్ ఇన్‌స్టలేషన్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉన్నదాన్ని, నడుస్తున్న విండోస్‌లోనే తెరిచి, అందులోని సెటప్‌ను నడిపించాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మొదలుపెడితే యాప్‌లను నిలుపుకునే అవకాశం ఉండదు, ఆ తేడా తెలియక నష్టపోయినవారు ఉన్నారు.

అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ అసలు లేవకపోతే, రెండు మూడు విఫల ప్రయత్నాల తర్వాత రికవరీ తెర దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అనే వరుసలో వెళ్ళి, ఇటీవల ఎక్కింది నెలవారీ అప్‌డేట్ అయితే క్వాలిటీ అప్‌డేట్‌నూ, వెర్షన్ మార్పు అయితే ఫీచర్ అప్‌డేట్‌నూ తొలగించాలి. వెర్షన్ మార్పును ఇలా వెనక్కి తిప్పడానికి మామూలుగా 10 రోజుల గడువే ఉంటుంది.

అప్‌డేట్ ఎక్కాక హిస్టరీలో అది విజయవంతమైనట్టు చూసుకుని, తీసేసిన యాంటీవైరస్‌ను తిరిగి పెట్టుకోవాలి. పేరు మార్చిన పాత ఫోల్డర్‌ను మాత్రం తర్వాతి నెల అప్‌డేట్ కూడా సాఫీగా ఎక్కాకే చెరపండి.