విత్తనం వేసే ముందు: గనుల పక్క చేలకు జాగ్రత్తలు

మృగశిర దగ్గర పడింది. దామరచర్ల, తాండూరు వైపు సున్నపురాయి గనులు, క్రషర్ల పక్కన చేలున్నవాళ్లు ఇవి చూసుకోండి.

– పాత క్వారీ గుంతలో మోటారు దించే ముందు నీళ్లు పరీక్ష చేయించండి. అద్దంలా తేటగా ఉన్నాయని నమ్మొద్దు. ఉప్పు, సోడియం ఎక్కువుంటే నేల చౌడుబారుతుంది, మళ్లీ దారికి తేవాలంటే ఏళ్లు పడుతుంది. ఆ నీళ్లు తాగడానికి అసలే వద్దు.

– మట్టి పరీక్ష ఇప్పుడే. సున్నపు దుమ్ము ఏళ్ల తరబడి పడితే నేలలో క్షారం పెరిగి జింకు, ఇనుము పైరుకు సరిగా అందవు. పైన పేరుకున్న దుమ్ము తీసేసి, 8–10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి కలపండి.

– వరికి జింకు లోపముంటే ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్. డీఏపీతో కలపొద్దు, రెండూ సరిగా పనిచేయవు. రెండింటి మధ్య కనీసం 3 రోజులు ఆగండి.

– లారీల బాట వైపు దుమ్ముకు అడ్డంగా నాలుగు సాళ్లు జొన్న వేయండి. పోయినేడు మా పత్తి ఆకు మీద వేలితో గీస్తే పలక మీద గీసినట్టు తెల్లటి దుమ్ములో గీత పడింది. పూత మీద అంత దుమ్ము పడితే కాయ ఎట్లా నిలుస్తుంది?

– బోరు, బావి గోడ ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి. బ్లాస్టింగ్‌కు పగుళ్లొస్తే రుజువు అడుగుతారు.